బొడ్డు కోసే ముందు మూడు నిమిషాలు

"సార్, ఆ రక్తం ఎవరిది?"

వెనక నించి వచ్చింది ప్రశ్న. సూళ్ళూరుపేటలో ఒక నర్సింగ్ హోమ్ వరండా, మంగళవారం, గర్భిణుల చెకప్ రోజు. నేను టై బిగించి, ల్యాప్‌టాప్ తెరిచి, తడ ఫ్యాక్టరీలో పనిచేసే ఒక జంటకి మా స్కీమ్ వివరిస్తా ఉండా. కాన్పు కాగానే బొడ్డుతాడులో ఉండే రక్తాన్ని సంచిలోకి తీసి, మా కంపెనీ బ్యాంకులో ఏళ్ళ తరబడి ఫ్రీజర్‌లో దాస్తాం. రేపు ఏదన్నా పెద్ద రక్తజబ్బు వస్తే అందులో ఉండే మూలకణాలు పనికొస్తాయి. ఇదీ నా ఉద్యోగం. నా పేరు జడ్సన్. గొప్ప చెప్పుకోకూడదు గానీ, నెల్లూరు నించి తడ దాకా ఈ పనిలో నేనే ఫస్ట్.

తిరిగి చూస్తే స్టాఫ్ నర్సు. చంకలో బీపీ మిషను, చెవి వెనక పెన్ను, కళ్ళలో బోలెడంత పొగరు.

"బిడ్డదే మేడమ్," అన్నా స్టయిల్‌గా.

"బిడ్డదైతే బిడ్డకే ఇవ్వొచ్చు గదా? పుట్టంగానే కోసెయ్యకుండా మూడు నిమిషాలు ఆగితే, ఆ తాడులోది చాలా మటుకు బిడ్డ ఒంట్లోకే పోతాది. మధ్యలో మీ ఫ్రీజర్ ఎందుకు?"

వరండా అంతా గొల్లుమంది. ఆ జంటలో మొగాయన నా పాంప్లెట్‌ని నాలుగు మడతలు పెట్టి పెళ్ళానికి విసరడం మొదలుపెట్టినాడు.

ఆమె పేరు కెజియా అని, కొత్తగా చేరిందని, ఎవురికీ భయపడదని ఆ సాయంత్రానికే కనుక్కున్నా. ఎందుకు కనుక్కున్నానని మాత్రం నన్ను అడగబాకండి.

మరుసటి మంగళవారం నలభై పేజీల ప్రింటౌట్లు తీసుకుని పోయినా. బయట సన్నగా వాన. టీ బంకు రేకు కింద ఇద్దరమే ఇరుక్కున్నాం. ఆమె టీ తాగతా ఒక్కో పేజీ తిరగేసింది.

"ఇదంతా మీ కంపెనీ వేసిందే గదా?"

"అయితే?"

"మా అమ్మని అడిగితే ఈ జిల్లాలో నన్ను మించిన అందగత్తె లేదంటది."

"అందులో అబద్ధమేముంది?"

నోరు జారింది. టీ గ్లాసు ఆమె పెదాల దగ్గిరే ఆగిపోయింది. నన్ను పై నించి కింద దాకా చూసి, "బీపీ చూపించుకుని పోండి సార్, ఎక్కువైనట్టుంది," అని వానలోనే లోపలికి పరిగెత్తింది. నిజంగానే ఎక్కువైంది.

అట్టా నాలుగు నెలలు. ప్రతి మంగళవారం నేను ఒకటి అనడం, ఆమె రెండు అంటించడం. "ఒక నిమిషం ఆగి కూడా తీయొచ్చు మేడమ్, కొంచెం తగ్గుద్ది అంతే," అని నేనంటే, "కొంచెమా? ఎంత తగ్గుద్దో మీ సంచి తూకం వేసినోణ్ణి అడగండి," అని ఆమె. ఓడిపోయి ఇంటికొచ్చి ఈల వేసుకుంటా ఉంటే మా అమ్మ పుష్పకుమారి, "ఏందిరా, ఇంక్రిమెంట్ వచ్చిందా?" అనేది.

ఒకరోజు ఆమే ఫోన్ చేసింది.

"మీ రక్తం పట్టే కిట్ తీసుకుని అర్జంటుగా రండి."

నేను నమ్మలా. పోయి చూస్తే దొరవారిసత్రం రైతు పెంచలకృష్ణ, నెలలు నిండిన ఆయన భార్య. పెద్దపిల్లోడికి తలసీమియా. నెల నెలా రక్తం ఎక్కించాల. పుట్టబోయే బిడ్డ బొడ్డుతాడు రక్తం జతపడితే ఆ పిల్లోడికి వైద్యం చేసే దారి ఉండొచ్చని చెన్నై డాక్టర్లు చెప్పినారంట. కాన్పులో కెజియానే దగ్గిరుండి, చుక్క పోకుండా పట్టి, సంచిని నా చేతిలో పెట్టింది.

"మీరు నా పార్టీలోకి వచ్చేసినట్టేనా?" అన్నా.

"నాకు పార్టీ లేదు. ఇంట్లో జబ్బుంటే దాచాల. ఇట్టాంటి ఇంటికి మీ పని దేవుడి పని. ఏ జబ్బూ లేనింట్లో బిడ్డ నోటికాడిది తీసి దాచేది ఏంది అనేదే నా గొడవ."

ఆ సంచిని ఒళ్ళో పెట్టుకుని చెన్నై దాకా పోతా ఉంటే నా ఉద్యోగం మీద నాకు మొదటిసారి నిజమైన గర్వం కలిగింది. టై వల్ల వచ్చే గర్వం వేరు, ఇది వేరు. కెజియా మీద ఉండేది ప్రేమేనని కూడా ఆ బండిలోనే ఒప్పేసుకున్నా.

అసలు చిక్కు ఇంట్లోనే ఉండాది.

మా చెల్లెలు అబిగయీలు కాన్పుకి పుట్టింటికి వచ్చింది. మొగుడు రూఫస్ కృష్ణపట్నం పోర్టులో క్రేన్ ఆపరేటర్. చెల్లెలికి అన్న కానుకగా మా కంపెనీలో డెబ్బై అయిదేళ్ళు దాచే ప్లాన్ నేనే కట్టేసినా. మా అమ్మ ఊరుకుంటుందా? ఆదివారం ఆరాధనలో సాక్ష్యానికి లేచి నిలబడి, "నా కొడుకు దయ వల్ల పుట్టబోయే బిడ్డకి డెబ్బై అయిదేళ్ళు ఏ జబ్బూ రాదు, స్తోత్రం!" అనేసింది. నేను వెనక బెంచీలో ఉండి "అమ్మా, అట్టా కాదు" అనేలోపలే సంఘమంతా హల్లెలూయా కొట్టింది. అంతటితో ఆగిందా, కిట్ డబ్బాని బల్ల మీద పెట్టించి పాస్టర్ గారి చేత చేతులుంచి ప్రార్థన కూడా చేయించింది. అట్టపెట్టెకి ప్రార్థన చేయించిన ఇల్లు ప్రపంచంలో మాది ఒక్కటే అయుంటది.

అబికి రక్తం తక్కువ. హిమోగ్లోబిన్ ఎనిమిదే ఉండాది. "అన్నా, నిజంగా ఏది మంచిది?" అని మూడుసార్లు అడిగింది. మూడుసార్లూ నేను "చూద్దాంలే" అని ఫోన్ తీసుకుని బయటికి పోయినా.

కెజియా నన్ను వరండాలో నిలేసింది.

"మీ చెల్లెలికి ఏం చెప్పినారు?"

"రేపు చెప్తా."

"నేను అందరికీ చెప్పేదే ఆమెకీ చెప్పినా. తల్లికి రక్తం తక్కువైతే బిడ్డకి ఆ మూడు నిమిషాలు ఇంకా ముఖ్యం అని చెప్పినా. 'మా అన్న ఏం చెప్తే అదే' అంటది. నా చదువు కంటే మీ మీదే నమ్మకం ఎక్కువ. దాన్ని అమ్ముకోబాకండి జడ్సన్ గారూ."

సార్ పోయి జడ్సన్ గారు వచ్చినందుకు సంతోషపడాలో, సిగ్గుపడాలో తెలీలా. సిగ్గే గెలిచింది. అయినా ఆ రేపు రాలేదు. అమ్మ మొహం చూస్తే నోరు పెగల్లేదు.

డేటు కంటే మూడు వారాల ముందు, వాయుగుండం వాన దంచి కొడతా ఉన్న మధ్యాహ్నం, అబికి నొప్పులొచ్చినాయి. రూఫస్ ఎక్కిన బస్సు నీళ్ళలో ఆగిపోయింది. లేబర్ రూమ్ బయట నేను, ఒళ్ళో కిట్‌తో మా అమ్మ.

డాక్టర్ ప్రత్యూష తలుపు తీసి బయటికొచ్చింది.

"బిడ్డ చిన్నగా ఉంది, తల్లికి రక్తం తక్కువ. ఆగి కోస్తే మంచిదని నా మాట. ఆగితే మీ సంచి నిండదు. అబిగయీల్ని అడిగితే అన్నని అడగమంటది. త్వరగా చెప్పండి."

"అడిగేదేముంది డాక్టరమ్మా, ప్రార్థన చేయించిన కిట్ ఇది!" అని అమ్మ డబ్బా చాపింది.

నేను ఆ డబ్బాని పట్టుకుని వెనక్కి అమ్మ ఒళ్ళోకే పెట్టినా. తలుపు దగ్గిరికి పోయి గట్టిగా అరిచినా.

"అబీ! ఈ కిట్ మనకొద్దు. మనింట్లో దీని అవసరం లేదు. ఆ రక్తం నీ బిడ్డకే కావాల. నాకు ముందే తెలుసు, చెప్పలేకపోయినా. తప్పు నాదే!"

లోపల నించి నొప్పి మధ్యలోనే, "అట్టనే అన్నా!" అంది నా చెల్లెలు. అంత నమ్మకం పెట్టుకున్నదాన్ని నెల రోజులు తిప్పించుకున్నానే అని నన్ను నేనే తిట్టుకున్నా.

"సంఘంలో నా మొహం ఎట్టా పెట్టుకోవాలరా?" అంది అమ్మ, ఏడుపు గొంతుతో.

"నీకు సరిగ్గా చెప్పంది నేనే గదమ్మా. ఆదివారం నేనే లేచి నిలబడి చెప్తా. నువ్వు తల దించుకోబాక."

అమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

కాసేపటికి ఏడుపు వినబడింది. సన్నటి ఏడుపు. వెంటనే కెజియా గొంతు, వానని మించి. "టైమ్ చూడండి. తాడు ఇంకా కొట్టుకుంటా ఉండాది, కోయబాకండి."

"ఒక నిమిషం."

అమ్మ కిట్ కింద పెట్టింది.

"రెండు. తల్లి రొమ్ము మీదే ఉండనీండి, గుడ్డ కప్పండి."

అమ్మ లేచి నా చెయ్యి పట్టుకుంది. వేళ్ళు చల్లగా ఉన్నాయి. కోపంగా పట్టుకుందో భయంగా పట్టుకుందో నాకు తెలీదు, నేను మాత్రం వదల్లేదు.

"మూడు. ఆగిపోయింది. ఇప్పుడు క్లాంపు వేసి కోయండి."

నా జీవితంలో అంత పొడుగాటి మూడు నిమిషాలు లేవు. తరవాత కెజియా బిడ్డని తెచ్చి మా అమ్మ చేతుల్లో పెట్టింది. ఆడపిల్ల. రెండు కిలోల నాలుగొందలు. దానిమ్మ గింజ మాదిరి ఎర్రగా ఉండాది.

"ఎంత రంగొచ్చిందే నా తల్లికి!" అని అమ్మ ఏడ్చేసింది. నేను కూడా ఏడ్చినా, దాచేదేముంది?

అమ్మ లోపలికి పోయినాక వరండాలో ఇద్దరమే. వాన జల్లు మా కాళ్ళ మీద పడతా ఉండాది. కెజియా మాస్కు తీసి గోడకి ఆనుకుంది. అలిసిపోయినట్టుంది, అయినా కళ్ళలో పొగరు తగ్గలా. ఎంత ముచ్చటేసిందో!

"కెజియా గారూ, ఒక మాట చెప్పాల," అన్నా.

"పాంప్లెట్ ఉందా?"

"లేదు. ఉత్త మాటే. మీరంటే నాకు..."

"జడ్సన్!"

అమ్మ. చీర కొంగు నడుముకి దోపుకుని తలుపులో నిలబడి ఉండాది. నన్ను పక్కకి నెట్టి నేరుగా కెజియా ముందుకు పోయింది.

"ఏం పిల్లా, లోపల అబి ఏందో చెప్తా ఉండాది. డాక్టరమ్మ బయటికొచ్చే ముందు నిన్ను ఏందో అడిగిందంట?"

కెజియా మొహం మందారప్పువ్వైపోయింది. ఈ ఆసుపత్రిలో ఎవురికీ భయపడని మనిషి నేల చూపులు చూస్తా ఉంది.

"ఏం లేదు ఆంటీ..."

"ఏం లేకపోవడమేంది? 'వాళ్ళన్న కంపెనీ మనిషి గదా, ఒప్పుకుంటాడా?' అని ఆయమ్మ అంటే నువ్వేమన్నావు?"

అమ్మే చెప్పింది, నా వైపు తిరిగి, ఒక్కో మాటా ఒత్తి పలకతా.

"'ఒప్పుకుంటాడు డాక్టర్. నేను చేసుకోబోయేవాడు ఆ మాత్రం ఉండడా?' అనిందంటరా!"

నేను తలుపు దగ్గిరికి పోయి అరవకముందే, నాకే ధైర్యం చాలనప్పుడే, ఈ పిల్ల నా మీద అంత మాట అనేసిందా?

"నిజమేనా?" అన్నా మెల్లిగా.

"నిజం కాకపోతే ఇన్ని మంగళవారాలు మీ బీపీ పెంచే ఓపిక నాకెక్కడిది?" అంది నేల చూస్తానే.

అమ్మ ఆమె గడ్డం పట్టుకుని తలెత్తింది.

"మీ నాయన పేరు, ఊరు చెప్పు. ఎల్లుండి వస్తాం."

"ఎల్లుండా? ఇంట్లో ఇంకా చెప్పలేదు ఆంటీ!"

"నేను చెప్తాలే. పాతికేళ్ళు పెంచినా, నా కొడుకు ఇంతటోడని నాకు ఇయ్యాల తెలిసింది. నీకు ముందే తెలిసింది. అట్టాంటి పిల్లని వదులుకుంటానా?"