గాజుపెట్టెలో వాగుతాత

ఆషాఢ అమావాస్య... మిట్టమధ్యాహ్నం!

అర్ధరాత్రి ఒక్కటే క్షుద్రవేళ అనుకునేవాళ్లు కరెంటు దీపాల కింద పుట్టినవాళ్లు. అడవి అంచున బతికేవాళ్లకు తెలుసు... మనిషి నీడ మనిషి కాళ్ల కిందికే ముడుచుకుపోయే నడినెత్తి పొద్దు అంతకన్నా చెడ్డదని. ఆ రోజు ఆ కాస్త నీడ కూడా లేదు. బస్తర్ పట్నం జగదల్‌పూర్ మీద కారుమబ్బులు కాటుక కొండల్లా కూలబడ్డాయి. దళపత్ సాగర్ చెరువు నీళ్లు కరిగిన సీసంలా పడున్నాయి. ఉరుము... దాని వెనకే ఇంకో ఉరుము... ఆకాశం కడుపులో ఎవరో బండరాళ్లు దొర్లిస్తున్నట్టు!

ఆ చీకటి మధ్యాహ్నం బజారు వెనక సందులో, ఒక పాత రాతి భవంతి మెట్ల ముందు, రేణుక మొగుడితో వాదులాడుతోంది.

"పాత కట్టెలు, పాత కుండలు మనింట్ల లేవా? వాటిని సూడనీకె టికెట్ ఏంది?" అన్నాడు దుర్గేశ్.

"మనింట్ల ఉన్నయి నువ్వెప్పుడన్న సూసినవా?"

"నిన్ను సూసుడుకే పొద్దు చాలుతలేదు."

"ఆ ముచ్చట మీ అమ్మ ముందల చెప్పు, ఇంటా."

ఇద్దరిదీ బాసగూడ దగ్గరి పల్లె. వరి మడి, ఇప్పపువ్వు, తునికాకు... ఏడాదంతా వాటి వెంటే పరుగు. పట్నం చూపిస్తానని పెళ్లినాడు అన్న మాట నిలబెట్టుకోవడానికి దుర్గేశ్‌కు ఇన్నాళ్లు పట్టింది. పొద్దుట్నుంచి కోట గుమ్మం చూశారు. దంతేశ్వరి గుడి ముందు దసరా రథానికి తెచ్చిన తొలి దుంగకు జరిగే పూజ చూశారు. గాజులు కొన్నారు, చీర కొన్నారు. తల్లి సోమమ్మకు స్టీలు బిందె కొనడం దుర్గేశ్‌కు మిగిలింది. మ్యూజియం రేణుకకు మిగిలింది.

తలుపు దానంతట అదే తెరుచుకుంది. తెల్లని లాల్చీ, నుదుట సన్నని కుంకుమరేఖ, మాటలో తేనె. ఆ భవంతి యజమాని భానుప్రసాద్. సర్కారు మ్యూజియం కాదది, అతని సొంతం.

"తెలుగువాళ్లా? రండమ్మా రండి. చెప్పులు ఇక్కడ విడవండి. సంచి మాత్రం మీవారికిచ్చేయండి, లోపలికి రానివ్వం."

అనడమైతే నవ్వుతూనే అన్నాడు. కానీ అతని చూపు సంచిలోంచి తొంగిచూస్తున్న నల్లజీడి కొమ్మ మీదే ఉంది. ఆ అమావాస్యనాడు బస్తర్లో ప్రతి గుమ్మానికీ, ప్రతి మడికీ ఆ కొమ్మ గుచ్చుతారు. చెడు దాటకుండా! కోడలు పట్నం పోతోందని సోమమ్మ బతిమాలి మరీ సంచిలో పెట్టింది. రేణుక ఆ సంచిని మొగుడి చేతికిచ్చి లోపలికి నడిచింది.

తలుపు మూసుకుంది. గడియ చప్పుడు కాలేదు...

లోపల ఒక్క సందర్శకుడు లేడు. పొడవాటి హాలు. రెండువైపులా గాజుపెట్టెలు. వాటిలో కంచు గుర్రాలు, కొమ్ముబూరలు, చనిపోయినవాళ్ల గుర్తుగా పాతిన చెక్క స్తంభాలు... పాతిన చోటునుంచి పెకలించి తెచ్చినవి! మొదళ్లకు మన్ను ఇంకా ఎర్రగా అంటుకునే ఉంది. ఏ ఊరివో, ఎవరివో ఎక్కడా రాసి లేదు. గోడ మీద మాత్రం పెద్దక్షరాలున్నాయి, 'భానుప్రసాద్ సేకరణ' అని. పట్నంలో దాన్ని సేకరణ అంటారు. ఊళ్లో దొంగతనం అంటారు.

పైన వెంటిలేటర్‌లో గుడ్లగూబ కూర్చుని ఉంది. పట్టపగలు! పసుపు కళ్లు ఆర్పకుండా రేణుకనే చూస్తోంది.

హాలు చివర ఒక ఆడమనిషి నేల తుడుస్తోంది. తుడిచిన చోటే తుడుస్తోంది... మళ్లీ మళ్లీ తుడుస్తోంది. కళ్లు తెరిచే ఉన్నాయి, వాటిలో చూపు లేదు. ఆమె పక్కనున్న గాజుపెట్టె దగ్గర రేణుక కాళ్లు ఆగిపోయాయి.

ఆంగా!

భుజాల మీద మోసే రెండు గుండ్రటి పొడుగు కర్రలు, నడుమ పడగలాంటి తల, అడవితీగతో కట్టిన కట్టు. నెమలి ఈకలు రాలిపోయాయి. కానీ పడగ కింద పిడుగు కాల్చిన నల్లమచ్చ అలాగే ఉంది. వాగుతాత! వాళ్ల ఊరి దేవుడు! ఒకవైపు పోలీసులు, ఒకవైపు అడవి లోపలి అన్నలు అంటూ ఊరు ఊరంతా ఖాళీ అయి గోదావరి దిక్కు పారిపోయిన కాలంలో మాయమైన దేవుడు. దేవుణ్ణి వదిలి రానన్న ఒకే ఒక్క మనిషి రేణుక తాత, పూజారి కాశయ్య. తిరిగొచ్చేసరికి గుడిసెలో దేవుడూ లేడు, పూజారీ లేడు.

రేణుకకు తాతంటే ఒకటే జ్ఞాపకం. జాతరలో అందరి ముందూ ఆయన ఈ దేవుణ్ణి నిలబెట్టి తిట్టడం. ఆ అడవుల్లో దేవుళ్లకూ పంచాయితీ ఉంటుంది. వాన తప్పినా, ఊళ్లో రోగం తిరిగినా దేవుణ్ణి అడుగుతారు, సాక్షిని పిలుస్తారు, తప్పు తేలితే గద్దె దించేస్తారు. దిగిన దేవుడు ఉత్త కట్టె. కోళ్లు తిన్న నోరు కదా, జవాబు చెప్పాలి మరి!

ఆమె కళ్లు చెమ్మగిల్లాయి. ఊళ్లో దేవుడెదురైతే ఎవరైనా చేసే పనే చేసింది. కొంగు తలమీదికి లాక్కుని, నేల తాకి, ఎవరి బిడ్డో చెప్పుకుంది.

"తాతా, నేను రేణుకని. పూజారి కాశయ్య మనుమరాలిని. మడివోళ్ల ఇంటి ఆడబిడ్డని."

అంతే...

గుడ్లగూబ కూసింది. దీపాలు ఆరిపోయాయి. హాలు నాలుగు మూలలనుంచీ రక్తచందనం, కాలిన వెంట్రుకల కమురు ఒక్కసారిగా కమ్ముకున్నాయి!

రేణుక తలుపు వైపు పరుగెత్తింది. లాగింది. తెరుచుకుంది. తలుపవతల అదే హాలు... అదే గాజుపెట్టె... అదే తుడుపు! ఇంకో తలుపు. మళ్లీ అదే హాలు. కిటికీ కనబడింది. బయట వానలో దుర్గేశ్, కొత్త బిందె నెత్తిన బోర్లించుకుని, చాయ్ బండివాణ్ణి ఏదో అడుగుతున్నాడు. ఆమె రెండు చేతులతో కిటికీ బాదింది. అరిచింది. దుర్గేశ్ తలెత్తి సరిగ్గా ఆమె వైపే చూశాడు... చూసి, గోడను చూసినట్టు మొహం తిప్పుకున్నాడు.

ఆమె మళ్లీ చేతులెత్తి ఇంకా గట్టిగా బాదింది.

"ఎందుకమ్మా ఆయాసం?" వెనక భానుప్రసాద్. లాల్చీ లేదు. ఒంటినిండా చితాభస్మం. చేతిలో కపాలం... కంటిగుంతల్లో ఎర్రటి వత్తులు వెలుగుతున్నాయి!

"ఈ దేవుళ్లు మహా మొండివాళ్లు. ఎన్ని బలులిచ్చినా పలకరు. వాళ్ల మనిషి ఎదురుగా నిలబడి ఇంటిపేరు చెప్పుకుంటేనే కన్ను తెరుస్తారు. తెరిచిన క్షణంలో నేను ముడి వేస్తాను. ముడిపడిన దేవుణ్ణి పెద్దపెద్ద నగరాల వాళ్లు కొనుక్కుంటారు, కాపలాకుక్కలా గుమ్మంలో కట్టేసుకోవడానికి. పిలిచిన మనిషి నా దగ్గరే ఉండిపోవాలి. అదిగో, ఆ ఆయతి కూడా నీలాగే చూడ్డానికొచ్చింది. పేరు చెప్పుకుంది. ఉండిపోయింది."

తుడుస్తున్న ఆడమనిషి తల ఎత్తలేదు. ఆమె పెదవులు మాత్రం ఆయతి... ఆయతి... అని చప్పుడు లేకుండా కదిలాయి. తన పేరు తానే మర్చిపోకుండా కాపాడుకుంటున్నట్టు.

"నన్ను ఒదిలెయ్యి. నా మొగుడు బయటున్నడు."

"ఉంటాడు. సాయంత్రందాకా ఉంటాడు. తర్వాత బస్సెక్కుతాడు. పొద్దు మబ్బు దాటేలోపు నీ వేలి నెత్తురు ఈ పుర్రెలో పడిందా, ఇక నీకు మొగుడెవరో కూడా గుర్తుండదు." అతను కపాలాన్ని ముద్దుగా నిమిరాడు. "ఈ ముసలాడు ఎంత గింజుకున్నాడనుకున్నావ్? ఆ కట్టెను కావలించుకుని చచ్చాడు తప్ప వదల్లేదు. ఈ దేవుడికి రోజూ అన్నం పెట్టిన పూజారి తల కదా, అందుకే దాన్నే సంకెల చేశాను."

తాత... కాశయ్య తాత! గోదావరి దాటి ఎక్కడో బతికే ఉన్నాడని అమ్మ ఏటా ఆయన కోసం తీసిపెట్టిన కొత్తబియ్యం రేణుక కళ్ల ముందు మెదిలింది.

భానుప్రసాద్ గాజుపెట్టె తలుపు తీశాడు. పెదవుల మీద మంత్రం సర్పంలా బుసకొట్టింది. హాలంతా ఘోరనిశ్శబ్దం... ఆంగా కర్రలు గజగజ వణికాయి. పడగ కిందికి వాలింది. దేవుడు లొంగిపోతున్నాడు! రేణుక చెయ్యి దానంతటదే లేచింది. వేలు కపాలం వైపు సాగింది. ఒళ్లు ఆమెది కాదు. గొంతు ఒక్కటే ఇంకా ఆమెది.

మంత్రగాడి లెక్కలో తప్పు లేదు. ఆంగాను మగవాళ్లే మోయాలి, ఆడవాళ్లు తాకితే మైల. ఈ ఆచారం తెలిసే అతను ఆడవాళ్లను పట్టేవాడు. ఆడది దేవుణ్ణి పిలవగలదు, ఎత్తుకుపోలేదు. ఎంత తెలివి! మన ఆచారాలు మనకన్నా దొంగకే బాగా తెలుసు.

రేణుక ఏడవలేదు. దండం కూడా పెట్టలేదు. ఆమెకు కోపం వచ్చింది.

"తాతా, నిలబడు," అంది. "ఇయ్యాల నీకు పంచాయితీ."

మంత్రం ఒక్క క్షణం తడబడింది.

"మా ఇంట్ల కోడి పిల్లల్ని చేస్తే తొలి పిల్ల నీది. కొత్తబియ్యం తొలి ముద్ద నీది. మా తాత నిన్ను ఒదలలే, ఆయన తల పోయింది. నువ్వేం చేసినవ్? దొంగోని ఇంట్ల గాజుపెట్టెల పండుకున్నవ్. ఇప్పుడు వానికి తల వంచుతున్నవ్. సిగ్గు లేదా నీకు?"

"నోర్ముయ్," అన్నాడు భానుప్రసాద్. అతని గొంతులో తేనె లేదు.

"నేను అడిగిన. సాక్షి కావాలె. సాక్షి ఎవరు?"

ఉరుము ఆగింది. వాన ఆగింది. గుడ్లగూబ రెక్క కూడా కదలలేదు. ఆ నిశ్శబ్దంలో నేల మీద తుడుపుగుడ్డ పడిన చప్పుడు...

"నేనున్న." ఆయతి! ఎన్నేళ్లుగా పలకని గొంతు, తుప్పుపట్టిన గడియలా. "నేను సూసిన. ఈడు ముసలాయన తల తెచ్చిన దినం నేను ఈడనే ఉన్న. దేవుడు సప్పుడు చెయ్యలే."

"తప్పు తేలింది," అంది రేణుక. "తాతా, గద్దె దిగు. ఇయ్యాల్టి సంది నువ్వు దేవునివి కాదు. కట్టెవి."

ఫెళ్లున ఏదో తెగింది!

మంత్రగాడు ముడి వేసింది దేవుడికి. అక్కడ దేవుడే లేడు. ముడికి పట్టు లేదు. రేణుక చెయ్యి ఆమెకొచ్చేసింది. కట్టెను ముట్టుకుంటే మైలేంది? పొయ్యిలోకి రోజూ మోసే ఆడవాళ్లకు కట్టె బరువా? రేణుక ముందు కొస ఎత్తింది, ఆయతి వెనక కొస ఎత్తింది. ఇద్దరి భుజాలకూ కర్రలు ఆనాయి.

అప్పుడు... కట్టె కదిలింది.

మోసేవాళ్లు నడిపించలేదు. అదే లాగింది! ఊళ్లో దొంగతనం జరిగితే ఆంగాను భుజానికెత్తుకుంటారు, అది దొంగ గుమ్మం దాకా మోసేవాళ్లను ఈడ్చుకుపోతుంది. గద్దె దిగిన తాతకు సిగ్గు వచ్చింది కాబోలు... మిగతా గాజుపెట్టెలు పెళపెళ పగిలాయి. కొమ్ముబూరలు ఊదేవాడు లేకుండా మోగాయి. పెకలించిన స్తంభాల మొదళ్లనుంచి ఎర్రమన్ను సుడిగాలై లేచింది. పడగ వేయి పాముల బుసతో భానుప్రసాద్ మీదికి దూకింది!

అతను ఒక మూలకు పరుగెత్తాడు, ఆంగా ఆ మూలకు తిరిగింది. తలుపు తీశాడు, అవతల అదే హాలు. తాను అల్లిన వలలో తనకే దారి లేదు! కపాలం అతని చేతిలోంచి జారింది. వత్తులు ఆరాయి. వెనక్కి వెనక్కి నడిచి, కాలు తగిలి, తెరిచి ఉన్న గాజుపెట్టెలో వెల్లకిలా పడ్డాడు. పడగ అతని గుండెకు బెత్తెడు దూరంలో ఆగింది.

ప్రాణభయం చెడ్డది. రెండు చేతులూ జోడించాడు.

"తాతా, నేను భానుప్రసాద్‌ని... ముక్కామల వాళ్ల అబ్బాయిని... నన్ను—"

పేరు చెప్పుకున్నాడు. ఇంటిపేరు చెప్పుకున్నాడు. అదే పెట్టెలో, అదే తాత ముందు!

పడగ వెనక్కి జరిగింది, గాజు తలుపు మెల్లగా మూసుకుంది. లోపలనుంచి అతను బాదుతున్నాడు, నోరు తెరిచి అరుస్తున్నాడు... బయటికి చప్పుడు లేదు. వెంటిలేటర్‌లోంచి గుడ్లగూబ ఎగిరిపోయింది. అది ఖాళీ చేసిన దారినే పిడుగు దిగింది. తెల్లటి వెలుగు... కళ్లు తెరిచి చూసేసరికి పెట్టెకు బీట కూడా లేదు. లోపల మనిషంత బొగ్గు!

సందులోకి తలుపు తెరుచుకుంది. ఈసారి అవతల నిజంగానే వాన ఉంది, చాయ్ వాసన ఉంది, దుర్గేశ్ ఉన్నాడు.

"ఇంతసేపు గీడ గోడే ఉండె... ఏందే ఇది? ఆంగానా? ఆడోళ్లు మోసుడేంది?"

"ఆంగా కాదు, కట్టె. సంచి ఇయ్యి."

రేణుక నల్లజీడి కొమ్మ తీసి ఆ గుమ్మంలో గుచ్చింది. లోపలి చెడు లోపలే ఉండాలి. లోపల మిగిలిన దేవుళ్ల కోసం వాళ్లవాళ్లు రావాలి. ఊరూరికీ కబురు చెప్పే పూచీ తనదేనంది ఆయతి. వానలో నిలబడి, మొహం పైకెత్తి, తన పేరు గట్టిగా రెండుసార్లు పలికింది.

కాశయ్య తాత తల అత్త కోసం కొన్న కొత్త బిందెలోకి చేరింది. పైన కొత్త చీర కప్పారు. దుర్గేశ్ ముందు కొస తన భుజానికి మార్చుకున్నాడు.

బీజాపూర్ బస్సు టాప్ మీద కట్టెను తాళ్లతో కడుతుంటే కండక్టర్ తల బయటపెట్టాడు. "క్యా సామాన్ హై?"

"సామాన్ కాదు భయ్యా," అంది రేణుక, ఒళ్లో బిందె సర్దుకుంటూ. "ముద్దాయి. ఊర్ల ఇంకా పంచాయితీ ఉన్నది."

పైన కట్టె ఒక్కసారి కిర్రుమంది. దారిపొడుగునా మళ్లీ నోరెత్తలేదు.