ఈత నేర్పిన అమ్మాయి చెప్పిన మాట

కళ్ళజోడు తీసేస్తే అతనికి లోకమంతా తడిసిన బొమ్మలా కనిపిస్తుంది. అందుకే ఈతకొలను దగ్గర మొదటిరోజు, మెడలో ఈలతో నిలబడ్డ పొట్టి జుట్టు మనిషిని చూసి, "తమ్ముడూ, కోచ్ గారెక్కడ?" అని అడిగాడు.

"తమ్ముడు ఇంటి దగ్గరున్నాడు. కోచ్ మాత్రం మీ ఎదురుగానే ఉంది," అంది ఒక ఆడగొంతు.

అతనికి సొంతంగా కళ్ళజోళ్ళ షాపుంది. ఊరందరి చూపూ సరిచేసేవాడు. సారీ చెప్పబోయి వెనక్కి అడుగేశాడు, దభీమని నీళ్ళలో పడ్డాడు. ఆమె దూకి, చొక్కా కాలరు పట్టుకుని గట్టుకి లాగింది.

"ఈత నేర్చుకోవడానికి వచ్చారా, మునగడానికి వచ్చారా?"

"రెండోది ఆల్రెడీ వచ్చండీ," అన్నాడు దగ్గుతూ.

ఆమె పకపకా నవ్వింది. అతను మునగడం మొదలైంది నిజానికి అప్పుడే.

రోజూ సాయంత్రం క్లాసు. ఒకరోజు గట్టు అంచు గీసుకుని అతని మడమ నుంచి రక్తం వస్తే ఆమే కట్టు కట్టింది. "ఇంత చిన్న దెబ్బకి ఇంత పెద్ద మొహమా?" అని ఏడిపించింది. 'మీరు' కాస్తా ఎప్పుడు 'నువ్వు' అయిందో ఇద్దరికీ గుర్తులేదు.

ఒక సాయంత్రం క్లాసు మధ్యలో వాన అందుకుంది. అందరూ కొలను వదిలి తలా ఒక దిక్కు పరిగెత్తారు. రేకుల షెడ్డు కింద వీళ్ళిద్దరే మిగిలారు.

"నీళ్ళలో ఉన్నవాళ్ళు తడుస్తామని పరిగెడుతుంటే నాకు భలే నవ్వొస్తుంది," అందామె.

అతను ధైర్యం కూడగట్టుకుని ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "నన్ను పెళ్ళి చేసుకుంటావా?"

ఆమె వాన వంక చూసింది. "ముందు ఒక మాట విను. నాకు హెచ్‌ఐవీ ఉంది. పుట్టినప్పటి నుంచీ. మా అమ్మ నుంచి వచ్చింది."

జోక్ చేస్తోందనుకున్నాడు. నవ్వుతుందేమోనని ఆమె మొహంలోకి చూశాడు. ఆమె నవ్వలేదు. రేకుల మీద వాన చప్పుడు తప్ప ఇంకేమీ వినపడలేదతనికి. తనకు తెలియకుండానే చెయ్యి వెనక్కి తీసేసుకున్నాడు.

ఇద్దరూ ఆ చేతి వంకే చూశారు.

"షాపులో... పనుంది," అని గొణిగి వానలోకి నడిచాడు.

ఇంటికెళ్ళి సబ్బుతో చేతులు తోముకున్నాడు. తోముతూ తోముతూ సగంలో ఆగిపోయాడు. ఏం చేస్తున్నాడు తను?

మర్నాడు పొద్దున్నే, ఆ జబ్బుకు వైద్యం చేసే డాక్టరమ్మ ముందు కూర్చున్నాడు.

"నాకు తెలిసిన ఒకమ్మాయికి..."

"పేరు చెప్పకు. అది ఆ అమ్మాయి సొంత విషయం. నీ భయమేంటో చెప్పు."

"ఒకే కొలనులో ఈదామండీ. నా కాలికి రక్తం వస్తే తనే కట్టు కట్టింది."

"రక్తం నీదేగా? నీ రక్తం నీకేం అంటిస్తుందయ్యా?" డాక్టరమ్మ నవ్వింది. "రక్షణ లేని శారీరక సంబంధం, రక్తం, ఒకరు వాడిన సూది, తల్లి నుంచి బిడ్డకి. ఆ వైరస్ ఈ దారుల్లోనే వస్తుంది. నీళ్ళతో, చెమటతో, ఒకే కప్పులో తాగితే, ముద్దు పెడితే రాదు."

ముద్దు అనగానే అతని చెవులు ఎర్రబడ్డాయి.

"ఎయిడ్స్ వస్తే చచ్చిపోతారంటారు కదండీ?"

"హెచ్‌ఐవీ వేరు, ఎయిడ్స్ వేరు. మందుల్లేకుండా వదిలేస్తే ఏళ్ళ మీద ఒంట్లో రోగాన్ని తట్టుకునే శక్తి పోతుంది. ఆ ముదిరిన దశే ఎయిడ్స్. ఈ మందులు వైరస్‌ని పూర్తిగా పోగొట్టలేవు, కానీ అణిచి ఉంచుతాయి. రోజూ మానకుండా వేసుకుని, పరీక్షలో కనపడనంతగా తగ్గి, అది అలాగే నిలబడితే, కాపురం చేసినా భాగస్వామికి అంటదు. మా సలహాతో ఆరోగ్యంగా పిల్లల్నీ కనొచ్చు."

నిన్న విన్నదానికంటే ఇది అతనికి పెద్ద షాక్. ఇన్నేళ్ళూ తనకు తెలుసనుకున్నదాంట్లో ఒక్కటీ నిజం కాదు!

ఆ సాయంత్రం ఆమె కొలను గట్టున తాళ్ళు చుడుతోంది. తలెత్తలేదు.

"భయపడ్డాను," అన్నాడు. "సిగ్గుగా ఉంది."

"నాకు పదహారేళ్ళప్పుడు రోజూ ఈ మాత్ర ఏంటని కోపమొచ్చి, చాటుగా పారేసేదాన్ని. దాంతో టీబీ పట్టుకుని ముదిరింది. నేనింక దక్కననుకున్నారు. మా పిన్నే నా పక్కన కూర్చుని మళ్ళీ మందులు మింగించింది. ఊపిరి బాగుపడాలని ఈత మొదలుపెట్టాను." ఆమె తాడు కింద పెట్టింది. "ఇప్పుడు నా రక్తంలో వైరస్ ఏ టెస్టుకీ దొరకడం లేదు. నువ్వు చెయ్యి లాక్కోవడం మాత్రం నాకు దొరికిపోయింది."

"నిన్ను మళ్ళీ అడగడానికే వచ్చాను. నీకు వీలైనప్పుడే జవాబు చెప్పు."

"ముందు మీ అమ్మగారితో నేనే చెప్పాలి. జవాబు ఆ తర్వాత."

"చెప్పి తీరాలని ఏం లేదు."

"నా కోసం చెప్పుకుంటాను."

అతని తల్లి ఇంటి ముందుగదిలో బట్టలు కుడుతుంది. అమ్మాయి వచ్చి చెప్పిన ఆ మాట వినగానే కుట్టుమిషన్ ఠక్కున ఆగింది.

"ఏమన్నావమ్మా? మళ్ళీ చెప్పు."

ఆమె మళ్ళీ చెప్పింది. తల్లి మొహంలో నెత్తురు చుక్క లేదు.

"నాకున్నది ఒక్కగానొక్క కొడుకు. నువ్వెళ్ళమ్మా," అంది చివరికి.

ఆమె వెళ్ళిపోయింది. అతను అరవలేదు. "నేను డాక్టరమ్మని ఏమేం అడిగానో అవన్నీ నువ్వూ ఒకసారి అడుగమ్మా," అన్నాడంతే. తల్లి మళ్ళీ మిషన్ తొక్కడం మొదలుపెట్టింది. ఇద్దరి మధ్యా మాటల్లేకుండా రోజులు గడిచాయి.

ఒకరోజు క్లాసు ముగిసే వేళకి భుజాన సంచితో తల్లి కొలను దగ్గర ప్రత్యక్షమైంది. నడుంలోతు నీళ్ళలో ఉన్న కొడుకు గొడవే అనుకున్నాడు.

ఆవిడ సూటిగా అమ్మాయి దగ్గరికెళ్ళింది. "ఆ రోజు పొమ్మన్నాను. ఆ మాట అనాల్సింది కాదు. భయమేసింది. అబద్ధమెందుకు, ఇంకా కాస్త ఉంది. అడిగిందే అడిగి ఆ డాక్టరమ్మ ప్రాణం తోడేశాను. సరే, చేతులు చాపు."

"ఎందుకండీ?"

ఆవిడ సంచిలోంచి టేపు తీసింది. "కొలతలు లేకుండా పెళ్ళిబట్టలెలా కుట్టను?"

తడి భుజాల మీద, మణికట్టు మీద ఆవిడ వేళ్ళు తాపీగా కదిలాయి.

"అమ్మా," కొడుకు నీళ్ళలోంచి కేకేశాడు, "తను ఇంకా నాకు ఓకే చెప్పలేదు."

తల్లి చేతిలో టేపు ఆగిపోయింది. "చెప్పలేదా!"

చాపిన చేతులు దించకుండానే అమ్మాయి ఏడుస్తోంది, నవ్వుతోంది.

"చెప్తున్నాను అత్తయ్యా, ఒప్పుకున్నాను. నడుం దగ్గర మాత్రం కాస్త వదులుగా కుట్టండి, పెళ్ళిభోజనం గట్టిగా తింటాను."