మంద ముందు సైకిలు

తెల్లవారగానే రంగమ్మ చీపురు పట్టుకుని గొర్రెల దొడ్డిలోకి పోయింది. ముప్పై ఏళ్లుగా ఆమె ఉదయం అక్కడే మొదలవుతుంది. పెంటికలు ఒక మూలకు ఊడ్చి, నీళ్ల తొట్టి కడిగి, ఒక్కో గొర్రె వీపు నిమిరాకే టీ నీళ్లు తాగుతుంది. ఆ రోజు సగం ఊడ్చి ఆగిపోయింది. కంచె పక్కన, ఒంటిమీద బొచ్చు కూడా సరిగా రాని పిల్ల ఒకటి తడితడిగా పడి ఉంది. తల్లి గొర్రె దాన్ని నాకుతూనే ఉంది. ఇంకో నెలకు ఈనవలసిన గొర్రె అది.

మూడు రోజుల్లో నెలలు నిండకుండా ఈసుకుపోయినవి దీంతో ఏడు.

రంగమ్మ ఆ పిల్లను గోనెపట్టా మీద వేసి, నేరుగా వంటింటి గుమ్మం ముందు పెట్టింది. లోపల కోడలు రాధాకుమారి ఎసరు పెడుతోంది.

"చూడు. బాగా చూడు. నీ చేతిపని."

రాధాకుమారి చూసింది. పొయ్యి మంట తగ్గించింది.

"పోయినేడు నీ కడుపున నిలవలేదు. మా తలరాత అనుకున్నా. ఇప్పుడు నా మందలో కూడా నిలవనియ్యకపోతే ఎట్లమ్మా? నీ చెయ్యి తగిలిన బండి మంద ముందు నడిచింది, చాలు. ఒక్కటీ మిగిలేటట్టు లేదు."

"అత్తా, బండికీ దానికీ..."

"నోరు తెరవబాక. నిన్న సాయంత్రమే మీ నాయనకు ఫోన్ చేసినా. వస్తాడు, తోలుకపోతాడు. గుడ్డలు సర్దుకో."

రాధాకుమారి నాన్న కృష్ణయ్యకు మార్కాపురంలో మోటార్లు చుట్టే దుకాణం ఉంది. కాలిపోయిన బోరు మోటార్ల మధ్యే ఆ పిల్ల పెరిగింది. పెళ్లికి ముందు అది గొప్పగానే కనిపించింది రంగమ్మకు. తరువాత ఆ నల్లబడిన గోళ్లను చూసినప్పుడల్లా ఒళ్లు మండేది.

సైకిలు సంగతి రెండు నెలల కిందట మొదలైంది. రంగమ్మ భర్త అంకన్నకు మోకాలు అరిగి కొండ ఎక్కలేకపోయాడు. మందకు ఆయనే ముందు నడవాలి. ఆయన ఈల వేసి కదిలితేనే గొర్రెలు కదులుతాయి, ఆయన ఆగితే ఆగుతాయి. వేరేవాళ్ల వెంట ఒక్కటీ పోదు. కొడుకు ప్రకాష్ ట్రాక్టరు తోలుకుంటాడు, మంద జోలికి రాడు. అతను ఎప్పుడో మోజుపడి కొన్న లావు టైర్ల సైకిలు కొట్టంలో దుమ్ము పట్టి ఉంది. రాధాకుమారి దాన్ని బయటికి లాగింది. వెనక చక్రం విప్పి, మధ్యలో మోటారు కూర్చోబెట్టి, స్పోకులన్నీ మళ్లీ బిగించింది. బ్యాటరీని కడ్డీల నడుమ కట్టింది. ఇసుకలో కూరుకోకుండా, రాళ్ల మీద జారకుండా అది అంకన్నను కొండమీదికి మోసుకుపోయింది. మొదటి రోజు ఆయన పిల్లవాడిలా నవ్వాడు. ఆ నవ్వు తనవల్ల రాలేదని రంగమ్మకు ఎక్కడో గుచ్చుకుంది.

నాలుగు రోజుల కిందట ఆమె చంద్రశేఖరపురంలో చెల్లెలి మామ దినానికి పోయింది. తిరిగొచ్చేసరికి గొర్రెలు ఈసుకుపోవడం మొదలైంది. అంకన్నను అడిగితే, "ఏమో, నాకేం తెలుసు" అని పక్కకు తిరిగాడు.

పది గంటలకు కృష్ణయ్య గిద్దలూరులో బస్సు దిగి ఆటో మాట్లాడుకుని వచ్చాడు. రంగమ్మ కూర్చోమని కూడా అనలేదు.

"అన్నా, నీ బిడ్డను నువ్వు తోలుకపో. మూడేండ్లు భరించినాం. కడుపు పండదు, ఇంటికి అచ్చిరాదు. మా వానికి మేం వేరే చూసుకుంటాం."

ప్రకాష్ అరుగు మీద కూర్చుని ఫోను చూసుకుంటున్నాడు. తల ఎత్తలేదు.

"ఏమయ్యా, నీకు నోరు లేదా?" అంది రాధాకుమారి భర్తతో.

"అమ్మ కోపంలో ఉంది. రెండు రోజులు పోయి రారాదా" అన్నాడు ప్రకాష్.

కృష్ణయ్య గోడకు ఆనించి ఉన్న సైకిలు దగ్గరికి పోయాడు. అది ఆయనకు చేతనైన పని. చక్రం తిప్పి చూశాడు, సీటు కింద పెట్టె మూత తీశాడు. కాసేపు లోపల వేలు పెట్టి వెతికి, రెండు తెల్ల వైర్లు బయటికి లాగాడు.

"ఇవి కలిపి ఉండాల గదమ్మా? ఎవరు ఊడదీసినారు?"

"ఏందవి?" అంది రంగమ్మ.

"అవి కలిపి ఉన్నంతసేపు బండి మనిషి నడక మించి పోదు చెల్లెమ్మా. మామ వెంట గొర్రెలు నడవాల, ఉరకగూడదు అని ఫోన్లో నన్నడిగి మరీ కలిపింది."

"నేను అప్పుడే చూసినా నాయనా" అంది రాధాకుమారి. "తీసినోళ్లు వాళ్లంతట వాళ్లే చెప్తారేమోనని ఆగినా. మూడు రోజులు ఆగినా."

ప్రకాష్ ఫోను జేబులో పెట్టుకుని తండ్రి వైపు చూశాడు. మంచం మీద అంకన్న మోకాలు రుద్దుకున్నాడు.

"నేనే ప్రకాష్‌తో తీయించినా" అన్నాడు చివరికి. "రాచర్ల మందలోళ్లు నవ్వినారు. పెండ్లికూతురును సాగనంపుతాండావా అంకన్నా, అంత నిదానంగా పోతాండావు అని. ఒక్కరోజే గదా అనుకున్నా. ఎక్కుడు దావలో ఎన్నేండ్లకో కాలు నొప్పి లేకుండా పోతా ఉంటే మతి నిలవలేదు. ఈల వేసి పిడి ఒక్క తిప్పు తిప్పినా. వెనక్కి చూస్తే మందంతా నాలుకలు బయట పెట్టి ఉరుకుతా వస్తాంది."

రంగమ్మ మంచం దగ్గరికి విసురుగా పోయింది.

"నువ్వు మనిషివేనా? పుట్టినకాడి నుంచి కాపరివి గదా. కడుపుతో ఉన్నదాన్ని ఎత్తు మీదికి ఉరికిస్తే నిలుస్తాదా? ఆ మాత్రం ఇంగితం లేదా? నోరులేని దాని ఉసురు ఊరికే పోతాదా?"

రాధాకుమారి అత్త ముఖంలోకి చూసింది.

"ఇంకోసారి చెప్పు అత్తా."

"ఏంది చెప్పేది?"

"కడుపుతో ఉన్నదాన్ని ఎత్తు మీదికి ఉరికిస్తే నిలుస్తాదా అన్నావు గదా. అదే."

రంగమ్మ చూపు గుమ్మం ముందున్న గోనెపట్టా మీదికి పోయింది.

"పోయినేడు నాకు అయిదో నెల, ఆస్పత్రిలో పడే ముందురోజు. మామకు జ్వరమని నువ్వు ముందు నడిచినావు, అవి నీ మాట వినకపోతే వెనక నుంచి తోలమని నన్ను పెట్టినావు. నెత్తిన నీళ్ల క్యాను. నడుము పట్టేసిందత్తా అంటే, నేను పొలంగట్టు మీద కన్నా, నువ్వేం మహారాణివా, నడువు అన్నావు. ఇంకొంచెం పైకి పోయినాక ఒక సూడి గొర్రె రొప్పుతాందని మందనంతా ఆపినావు. దాని పక్కన కూర్చుని నీళ్లు తాపినావు. నా క్యానులో నీళ్లే."

రంగమ్మకు ఆ గొర్రె గుర్తుంది. నల్లమొహం గొర్రె, కవల పిల్లలను ఈనింది. ఆ రోజు కోడలి ముఖం ఎట్లా ఉందో ఎంత తలుచుకున్నా గుర్తురాలేదు. అసలు చూసిందా తను?

కృష్ణయ్య కళ్లు తుడుచుకుని కూతురి సంచి అందుకున్నాడు. "ఈ సంగతి నాకు చెప్పలేదేంది తల్లీ" అన్నాడు. రాధాకుమారి చెప్పులు వేసుకుని అరుగు దిగింది. అడ్డం రాబోయిన ప్రకాష్‌ను, "నీ రెండు రోజులు నువ్వే లెక్కపెట్టుకో" అని తప్పించుకుని ఆటోలో కూర్చుంది.

తోలుకపొమ్మని పిలిపించింది తనే. ఇప్పుడు ఉండమనే నోరు రంగమ్మకు ఎక్కడిది? అయినా కాళ్లు ఆగలేదు. వెనకే పోయి ఆటో కడ్డీ పట్టుకుంది. ఏడాదిగా ఒక్కసారి కూడా అడగని మాట, ఎవరో గొంతులోంచి లాగినట్టు బయటికొచ్చింది.

"ఆ రోజు ఆస్పత్రిలో... ఆడబిడ్డా, మగబిడ్డా?"

రాధాకుమారి ముఖం మొదటిసారి చెదిరింది.

"ఆడబిడ్డ. పెద్దోళ్లు ఎవరన్నా వచ్చినారా అని నర్సు రెండుసార్లు అడిగింది."

ఆ పొద్దున రంగమ్మ మందలో ఉంది. గొర్రెలను విడిచి ఎట్లా వస్తానని కబురు పంపింది. కడ్డీ పట్టుకునే నేల మీద కూలబడి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఆమె చెయ్యి చక్రానికి అడ్డంగా ఉందని ఆటో అతను ఇంజను ఆపేశాడు.

రాధాకుమారి దిగలేదు. అతన్ని పొమ్మనీ అనలేదు.