గంట కొట్టకుండా ఎత్తిన గేటు

అది మే తొమ్మిదో తారీఖని ఆయనకు బాగా గుర్తు. ఆ పొద్దున ఇంట్లో తిన్నది ఉడికించిన గుడ్లు, ఒక పక్క మాడిన రొట్టె. మాడిన ముక్కలన్నీ కూతురు చడీచప్పుడు లేకుండా తన పళ్ళెంలోకి లాక్కుంది. ఆయన చూశాడు, చూడనట్టు ఊరుకున్నాడు. తండ్రీకూతుళ్ళ మధ్య మాటలు లేవు మరి.

“తమ్ముడూ, ఉప్పు ఇటివ్వమను.”

“బాబాయ్, డబ్బా ఆయన మోచేతి దగ్గరే ఉందని చెప్పు.”

“నేను మనిషినా, టెలిఫోను తీగనా?” తమ్ముడు గుడ్డును బల్లమీద ఠపీమని కొట్టాడు. “ఒక్క కప్పు కింద ఉంటూ ఈ మూగనోమేమిటి మీకు?”

గొడవంతా నీళ్ళది. ఆ ఏడు ఆనకట్ట వెనక నీళ్ళు అడుగంటాయి. ఉన్న కాసిని నదిలోకే వదలాలని, లేకపోతే గుడ్లు పెట్టడానికి ఏటికి ఎదురెక్కే చేపలు చచ్చిపోతాయని నది సంఘంవాళ్ళు కోర్టుకెక్కి గెలిచారు. కాలువ గేటు మూతపడింది. ఆ కాలువ కింద రైతులకు నీటి వంతులు వేసే పెద్దమనిషి ఆయనే. నది సంఘంలో పనిచేసేది ఆయన కన్నకూతురు, తల్లి పోయాక ఆయన చేతులమీద పెరిగిన పిల్ల. తోటలో నారింజ ఆకులు అప్పటికే గొట్టాల్లా ముడుచుకుంటున్నాయి.

కూతురు లేచింది. “బాబాయ్, పనికెళ్తున్నా. వచ్చేసరికి పొద్దుపోతుంది.”

ఎక్కడికని ఆయన అడగలేదు. మధ్యవర్తి కూడా అప్పటికి అలిసిపోయాడు.

ఆమె గుమ్మం దాటగానే తమ్ముడు కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు.

“అన్నయ్యా, ఇవాళే. మధ్యాహ్నం కాపలావాడు తిండికి ఇంటికెళ్తాడు. కాసేపు గేటెత్తితే చాలు, తోటలు బతికిపోతాయి. పాత పిడి ఇవ్వు.”

గేటు చక్రం తిప్పే పిడిని అధికారులు పట్టుకుపోయారు. పాతది ఇంకొకటి ఆయన మంచం కింద ఉన్న సంగతి వాళ్ళకు తెలియదు.

“మరి గంటో?”

గేటు దగ్గర గంటకు బదులు రైలుపట్టా ముక్క ఒకటి వేలాడుతూ ఉంటుంది. దాన్ని మోగించకుండా గేటు ఎత్తకూడదన్నది ఆ కాలువకు రాయని చట్టం. లోపల పూడిక తీసేవాళ్ళుంటే గట్టెక్కాలి కదా.

“గంట కొడితే కాపలావాడు తినేది వదిలేసి పరిగెత్తుకు రాడూ? ఎండిన కాలవలో ఎవరుంటారన్నయ్యా, బల్లులు తప్ప!”

ఆయన పిడి తెచ్చి ఇచ్చాడు. “ఫోను ఇంట్లోనే వదిలి వెళ్ళు. ఆ టైముకి ఎక్కడున్నావో రేపు ఎవరూ పట్టుకోలేరు,” అని సలహా కూడా తనే ఇచ్చాడు.

మధ్యాహ్నం ఫోను మోగింది. కూతురితో పనిచేసే అమ్మాయి.

“అంకుల్, తను ఫోన్ ఎత్తట్లేదు. ఇంకో రెండు బకెట్లు పట్టుకురానా అని అడగాలి.”

“బకెట్లెందుకమ్మా?”

“కాలవ గుంటల్లో చేపలు చిక్కుకుపోయాయి కదండీ. వాటిని పట్టి నదిలో వదులుతోంది. రోడ్డు కింద సొరంగంలోకి దిగుంటుంది, అక్కడ సిగ్నల్ రాదు.”

ఆయన పైప్రాణాలు పైనే పోయాయి. వెంటనే తమ్ముడికి ఫోన్ చేశాడు. అది వంటింట్లో ఫ్రిజ్ మీద మోగింది.

స్కూటరు తాళంచెవి కన్నంలో దూరనంటుంది. ఎలాగో దూర్చి గట్టుమీద గేటువైపు పోనిచ్చాడు. సగం దారిలో చూశాడు. ఎండుటాకుల్ని ముందుకు నెట్టుకుంటూ బురదనీళ్ళు ఎదురొస్తున్నాయి. ఆయన్ని దాటి సొరంగంవైపు వెళ్తున్నాయి.

వెనక్కి తిరిగితే నీళ్ళకంటే ముందు చేరగలడా? ఈ డొక్కు స్కూటరు మీద చేరలేడు. చేరితే చప్పుడొక్కటే చేరాలి. కూతురికి వీపు పెట్టి ఆయన గేటువైపే వెళ్ళాడు. బతుకులో అంత భయంకరమైన దారిలో ఆయన ఎన్నడూ వెళ్ళలేదు.

బండి పడేసి, నేలమీదున్న రెంచి తీసుకుని రైలుపట్టా ముక్కను బాదడం మొదలుపెట్టాడు.

“పిచ్చెక్కిందా అన్నయ్యా! కాపలావాడు వస్తాడు!”

“దించు! దించరా! పిల్ల సొరంగంలో ఉంది!”

తమ్ముడు చక్రం మీద పడి వెనక్కి తిప్పాడు. ఆయన బాదుతూనే ఉన్నాడు. అరచెయ్యి చిట్లినా తెలియలేదు.

గేటు మూతపడ్డాక ఇద్దరూ ఒకే బండిమీద సొరంగానికి వచ్చారు. కింద మోకాలిలోతుకు తగ్గిన నీళ్ళు సుడులు తిరుగుతున్నాయి. ఆయనకు కిందికి చూసే ధైర్యం చాలలేదు. తమ్ముడే చూసి, “అదుగో!” అన్నాడు.

గోడకు బిగించిన ఇనుపమెట్లమీద, రెండు చేతులతో కమ్మీ వాటేసుకుని, నడుందాకా తడిసిన కూతురు.

“బకెట్ వదిలేశా నాన్నా,” అంది వణుకుతూ. “గంట వినపడితే చేతిలో ఏమున్నా వదిలేసి ఎక్కమనేవాడివిగా.”

“పోనీలే అమ్మడూ, నీ చేపలకి నీళ్ళొచ్చాయి,” అని బాబాయి నవ్వబోయి, గట్టుమీద కూలబడి ఏడ్చేశాడు.

“పిడి నేనే ఇచ్చాను తల్లీ. నువ్వు లోపలున్నావని తెలియక.”

ఆమె గట్టెక్కి వచ్చింది. “లోపల నేను కాక ఇంకెవరైనా అయితే?”

ఆయన తల దించుకున్నాడు. అప్పుడే రొప్పుతూ కాపలావాడు వచ్చాడు. “ఎవరు తెరిచారు?” అని అరిచాడు.

“నేనే తెరిపించాను. ఎవరికి చెప్పాలో చెప్పు బాబూ. నేనే వస్తాను,” అన్నాడు ఆయన.

ఆ సాయంత్రం కూతురు ఆయన అరచేతికి కట్టు కట్టింది.

“చెట్లు ఇంకెన్నాళ్ళు తట్టుకుంటాయి?”

“వారం. మహా అయితే ఇంకో రెండు రోజులు.”

“రేపు మావాళ్ళ సమావేశానికి రా నాన్నా. మావాళ్ళకి చేప చావడం తెలుసు, చెట్టు చావడం తెలీదు.”

“నా మాట వింటారా?”

“వినకపోవచ్చు. ఇవాళ్టి సంగతి తెలిశాక తిట్టనూవచ్చు. నేను పక్కన కూర్చుంటా.”

ఆయన పక్కమీద వాలాడు. కళ్ళు మూస్తే చాలు, ఎండుటాకుల్ని నెట్టుకుంటూ నీళ్ళు. గదిలోకి అడుగుల చప్పుడు వచ్చింది.

“నిద్రపోయావా నాన్నా?”

ఏడుపు ఆపుకుంటూ ఆయన కళ్ళు మూసుకున్నాడు. ఆమె దుప్పటి ఆయన భుజాలదాకా లాగింది. బయటికి నడిచి, తలుపు నెమ్మదిగా దగ్గరికి వేసింది.