మేకుకు వేలాడిన నారింజ కోటు

రేనో సాల్మి లోపలికొచ్చి టోపీ తీశాడు గానీ కూర్చోలేదు.

"సైమా గారూ, మా అన్నను నేనే చంపేశాను," అన్నాడు.

గస్ నోటి దాకా వచ్చిన మాంసం రొట్టెను పళ్లెంలో పెట్టేశాడు. అసిస్టెంటుగా చేరినప్పటి నుంచీ అతను తిండి మధ్యలో ఆపడం సైమా చూడలేదు. సైమా కోస్కి చాలా ఏళ్లు అడవుల్లో దొంగ వేటగాళ్లను పట్టుకున్న మనిషి. ఆ ఉద్యోగం మానేసి, సుపీరియర్ సరస్సు ఒడ్డున ఈ చిన్న ఊళ్లో సొంతంగా నేర పరిశోధనలు చేసుకుంటోంది. ఏడుస్తూ వచ్చినవాళ్లను చూసి ఆమె కంగారు పడదు.

"చంపినవాళ్లు షెరీఫ్ దగ్గరికి వెళ్తారు. నా దగ్గరికెందుకొచ్చావు?"

"అక్కడికీ వెళ్లానండీ. సోమవారం కోర్టులో ఒప్పుకుంటాను. జైలంటే నాకు భయం లేదు. ఒక్కటి తెలియాలి. అన్న ఆ నారింజ కోటు ఎందుకు వేసుకోలేదు? నేనన్న మాటకేనా?"

నవంబరు వేట మొదలయ్యే ముందు సాయంత్రం అడవిలో గుడిసెకు నలుగురు చేరారు. రేనో, అతని అన్న ఆర్మస్, వాళ్ల మేనమామ ఉర్హో, మిల్లులో పనిచేసే స్నేహితుడు లెస్టర్. ఆర్మస్ అక్టోబరులో విల్లుతో వేటాడేవాడు. అప్పుడు వేసుకునే ఆకుల బొమ్మల జాకెట్టునే తుపాకుల రోజుల్లోనూ వేసుకుని, తోటి వేటగాళ్లు జింకనుకుని కాల్చకుండా పైన చేతుల్లేని నారింజ కోటు తొడిగేవాడు.

"నేనే నోరు జారాను. 'ఏం అన్నా, గుమ్మడికాయ బయల్దేరిందా? కెనడాలో జింకలకు కూడా కనిపిస్తున్నావు' అన్నాను. లెస్టర్ పడీ పడీ నవ్వాడు."

"ఆర్మస్ ఏమన్నాడు?"

"'జింకకు ఈ రంగు తెలీదురా, నీకు కనిపిస్తే చాలు' అన్నాడు."

అన్నదమ్ముల వేళాకోళానికి హద్దేముంటుంది చెప్పండి! ఆ మాట అక్కడితో పోవాల్సింది. పోలేదు.

తెల్లవారకముందే, మంచు కురుస్తుండగా, ఎవరి చోటికి వాళ్లు వెళ్లారు. చీకట్లోనే ఎక్కడో ఒక తుపాకి పేలినా, వేట మొదటి రోజు కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు. వెలుతురొచ్చేసరికి మంచు ఆగింది. ఎండ పడ్డాక గడ్డి అంచున గోధుమ రంగులో ఏదో కదిలితే రేనో కాల్చాడు. వెళ్లి చూస్తే జింక లేదు. గడ్డి నడుమ ఆర్మస్ పడి ఉన్నాడు.

"అక్కడ చెట్లున్నాయా?"

"ఒక్కటీ లేదండీ, బయలు. మొహం మీద మంచు తుడిచి పిలిచాను. పలకలేదు. ఒంటి మీద ఆకుల జాకెట్టే ఉంది. గుడిసెకు పరుగెత్తితే కోటు వాడి మేకుకు వేలాడుతోంది."

"ఆ తర్వాత మళ్లీ మంచు పడిందా?"

"లేదు, రోజంతా ఎండే."

సైమా అతని మొహంలోకి చూసింది. "సోమవారం దాకా ఎవరి దగ్గరా ఇంకేమీ ఒప్పుకోకు. ఇప్పటికి ఒప్పుకున్నది చాలు."

షెరీఫ్ ఆఫీసులో చచ్చిపోయినవాడి జాకెట్టు బల్ల మీద పరిచారు. గుండు ముందు నుంచి వెనక్కి దూసుకుపోయింది. అది దొరకలేదు కాబట్టి ఏ తుపాకిదో చెప్పలేమన్నారు. రేనో ఒప్పుకున్నాక ఎవరూ గట్టిగా వెతకనూ లేదు.

జాకెట్టు చేతుల నిండా గోధుమ రంగు ముళ్లగింజలు కరుచుకుని ఉన్నాయి. నడుము కింద అంచు నిండా అవే. ఛాతీ మీదా వీపు మీదా ఒక్కటి లేదు.

"ఈ గింజలు ఓసారి నా మేజోళ్లకు అంటుకుంటే మా ఆవిడ వారం రోజులు సాధించింది మేడం," అన్నాడు గస్. "ఎక్కడ పడితే అక్కడ పట్టుకుంటాయి."

"మరి ఇక్కడెందుకు పట్టుకోలేదు?" అని సైమా భుజాల దగ్గర గింజలు ఆగిపోయిన గీత వెంట వేలు నడిపింది.

రేనో వాళ్లను గుడిసెకు తీసుకెళ్లాడు. అక్కడ లెస్టర్ పొయ్యి దగ్గర కాళ్లు చాపుకుని ఉన్నాడు. ఇంట్లో కూడా ఆకుల బొమ్మల చొక్కాయే.

"నీ నారింజ కోటేది?"

"సంచిలో ఉంది. అది వేసుకుని చెట్టెక్కితే నన్ను చూసి నాకే నవ్వొస్తుంది. అడవిలో నన్ను చూసేదెవరు?"

"అందుకే కదా భయం," అంది సైమా. "ఆ రోజు కాల్చావా?"

"లేదు. షెరీఫ్ నా తుపాకి చూశాడు. గొట్టం శుభ్రంగా ఉందని ఆయనే రాసుకున్నాడు. కావాలంటే ఆయన్నే అడగండి."

కిటికీ దగ్గర ఉర్హో తుపాకి తుడుస్తున్నాడు. తలంతా నెరిసింది. ఆ గుడిసెకు పెద్ద ఆయనే. 'కోటు లేనివాడికి తుపాకి లేదు' అని తలుపు మీద చెక్కించింది ఆయనే. తుడవడం అయ్యాక తుపాకిని ఎడమ భుజానికి ఆనించి, కిటికీ బయటికి ఓసారి గురి చూసి దించాడు. ఒంటి మీద కోటు నిప్పులా మెరుస్తోంది. మడతల గీతలు కూడా పోలేదు.

"కొత్తదా, ఉర్హో గారూ?"

"పాతది ముళ్లకంచెకు చిరిగింది. పెట్టెలో ఎప్పుడూ ఒకటి అదనంగా ఉంచుతాను." ఆయన ఆర్మస్ మేకు వైపు చూశాడు. "వాడికి ఎన్నిసార్లు చెప్పానో అమ్మా. విన్నాడు కాదు."

ఆర్మస్ కోటు ఇంకా మేకుకే ఉంది. రంగు వెలిసిపోయింది. ఎడమ భుజం మీద బట్ట అరిగి, నూనె మరకతో నల్లబడింది. సైమా దాన్ని తీసి తిప్పి చూసింది.

"రేనో, మీ అన్న తుపాకి ఏ భుజానికి ఆనించేవాడు?"

"కుడికండీ. నాకు నేర్పింది వాడే. నేనూ అంతే. ఎందుకు?"

ఆమె గస్ చెవిలో ఏదో చెప్పింది. గస్ వెనకున్న ఆవిరి స్నానాల గదికి వెళ్లాడు. తిరిగొచ్చేసరికి మోచేతుల దాకా బూడిద. పిడికిట్లో ఏదో ఉంది. అందరూ బల్ల చుట్టూ కూర్చున్నారు. కాఫీ ఎవరూ ముట్టుకోలేదు.

"ముందు రేనో సంగతి," అంది సైమా. "నువ్వు కాల్చే ముందే మంచు ఆగిపోయింది. మరి మీ అన్న మొహం మీద మంచు ఎలా ఉంది?"

రేనో అర్థం కానట్టు చూశాడు.

"కొమ్మల మీంచి రాలి ఉంటుంది," అన్నాడు ఉర్హో.

"బయల్లో కొమ్మలెక్కడివి? మంచు కురుస్తుండగానే ఆర్మస్ పడిపోయాడు. తెల్లవారకముందే. రేనో, నువ్వు కాల్చింది జింకనే. గురి తప్పింది, అది పారిపోయింది. నీ చేతికి మీ అన్న రక్తం అంటలేదు."

రేనో రెండు చేతులూ బల్ల మీద పెట్టి చూసుకున్నాడు.

"ఇక కోటు. ఆ బయలుకెళ్లే దారి నిండా ముళ్లగింజల మొక్కలే. అవి ఆర్మస్ చేతులకు అంటుకున్నాయి, నడుము కింద అంటుకున్నాయి. ఛాతీకి అంటుకోలేదు. ఎందుకంటే అక్కడ ఇంకో బట్ట అడ్డముంది. అతను నారింజ కోటు వేసుకునే వెళ్లాడు. పడిపోయాక ఎవరో విప్పారు."

"మరి మేకుకున్నది?" అన్నాడు లెస్టర్.

"అది ఆర్మస్‌ది కాదు. తుపాకి రాపిడికి అరిగింది ఎడమ భుజం."

మాట పూర్తయ్యీ కాకముందే ఉర్హో కుడి చెయ్యి ఎడమ భుజం మీదికి పోయింది. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోవడం మనం సామెతగా అంటాం. ఆ గదిలో నలుగురూ కళ్లారా చూశారు.

"గుండు దిగిన కోటు ఆవిరి స్నానాల గది పొయ్యిలో వేశారు. మీ పాతది వాడి మేకుకు తగిలించారు. కొత్తది మీరు తొడుక్కున్నారు," అంది సైమా. గస్ పిడికిలి విప్పాడు. మసిబారిన జిప్పు బల్ల మీద పడింది.

లెస్టర్ అదిరిపడ్డాడు. "ఏంటి ముసలాయనా ఇది? నువ్వేనా?"

"నా ఫ్లాస్కు మర్చిపోయాను," అన్నాడు ఉర్హో. "వాడు చూసి, కాఫీ ఇద్దామని నా వైపు వచ్చాడు. ఇంకా తెల్లారలేదు. నల్లగా ఏదో కదిలింది. ఏళ్ల తరబడి అందరికీ చెప్పాను, వెలుతురు రాకుండా ట్రిగ్గర్ ముట్టుకోవద్దని. నేనే ముట్టుకున్నాను."

"చీకట్లో నారింజా ఒకటే, నలుపూ ఒకటే," అంది సైమా. "అది పొరపాటు. కోటు విప్పడం పొరపాటు కాదు."

"కోటుంటే ఎలా కాల్చావని అడుగుతారు. లేకపోతే వాడిదే తప్పంటారు. ఎవడో దారిన పోయేవాడి గుండని ఊరుకుంటారనుకున్నాను. ఇంతలో వీడొచ్చి నేనే చంపానని నేల మీద పడి ఏడ్చాడు. నాకు నోరు పెగల్లేదు రా, రేనో. రోజూ చెప్దామనుకున్నాను."

రేనో లేచి ఆయన దగ్గరికి వెళ్లాడు. కొడతాడేమోనని గస్ సగం లేచాడు. రేనో కొట్టలేదు.

"మామా, నీ నోటితో చెప్పు. అన్న కోటు వేసుకున్నాడా?"

"వేసుకున్నాడు. మెడ దాకా జిప్పు పెట్టుకున్నాడు."

రేనో ఊపిరి పీల్చుకున్నాడు. ఇన్నాళ్లకు ఆ మొహంలో కాస్త కళ కనిపించింది. మేనమామ భుజం మీద చెయ్యి వేయబోయాడు కూడా. అమాయకుడు! అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. ఉర్హో మాత్రం ఆపుకోలేకపోయాడు.

"వాడప్పటికింకా పోలేదు రా. జిప్పు లాగుతుంటే, నేను గాయం చూస్తున్నాననుకున్నాడు. నాకు వీలుగా ఉంటుందని చెయ్యి పైకెత్తాడు."

రేనో చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. మెల్లగా వెనక్కి తీసుకున్నాడు. గస్ మొహం తిప్పుకున్నాడు. సైమా కూడా తల వంచుకుంది.

"లే మామా," అన్నాడు రేనో చివరికి. "షెరీఫ్ దగ్గరికి నేనే తీసుకెళ్తాను."

ఉర్హో లేచాడు. ఆ నారింజ కోటు విప్పి బల్ల మీద పెట్టి, గోడకున్న ఉన్ని కోటు అందుకున్నాడు. ఒక చెయ్యి దూరింది. రెండోది దూరలేదు. ముసలి భుజం సహకరించక, ఆ చెయ్యి పైకెత్తి, మేనల్లుడి వైపు చూశాడు.

రేనో ఆ ఎత్తిన చేతిని చాలాసేపు చూశాడు. తర్వాత తలుపు తీసుకుని బయటికెళ్లి బండి స్టార్ట్ చేశాడు. కోటు గస్ తొడిగాడు.