నెత్తురు ఎటు పోతోంది?

"నన్ను మా ఇంట్లోనే కొంచెం కొంచెంగా చంపుతున్నారు మేడం," అంది వచ్చిన ఆవిడ.

కుర్చీ చూపిస్తే కూర్చుంది. నిమిషం తిరక్కుండానే లేచి కిటికీ దాకా నడిచింది, మళ్లీ వచ్చింది. ఆవిడ ఒక బైండింగ్ షాపు యజమానురాలు, నలభై తొమ్మిదేళ్లుంటాయి. ముఖం పాలిపోయి ఉంది, పెదవులకు రంగు లేదు. మాటల మధ్యలో చేతిసంచిలోంచి తెల్లకాగితం ముక్క ఒకటి తీసి, ఎవరూ చూడలేదనుకుని నోట్లో వేసుకుంది.

చూడకపోవడానికి ఎదురుగా ఉన్నది మామూలు మనిషి కాదు. ఆ ప్రైవేట్ డిటెక్టివ్‌ను అందరూ 'భూతద్దం' అంటారు. ఆవిడ చేతిలో భూతద్దాన్ని మాత్రం ఎవరూ ఎన్నడూ చూడలేదు. ఇరవై రెండేళ్లు బీమా క్లెయిములు తనిఖీ చేసి, ఆ విసుగుతోనే ఉద్యోగం మానేసి ఈ గది తెరిచింది. పక్కన నోట్సు రాసుకునే గుమాస్తాకు ఆవిడంటే గురి. ఆ సంగతి ఆవిడ ముందు అనే ధైర్యం మాత్రం, నలభై నాలుగేళ్లొచ్చినా, అతనికి లేదు.

"ఎవరు చంపుతున్నారు?"

"మా వదిన. మా ఆయన అక్క. మా ఇంటికొచ్చి పదమూడు నెలలైంది. వంటంతా ఆవిడ చేతిమీదే. ఆవిడ వచ్చినప్పుడు నా రక్తం పది. ఇప్పుడు ఏడు. మీరు రుజువు పట్టుకుంటే చాలు, ఆ పూటే పంపించేస్తాను."

ఆవిడ బల్ల మీద పెట్టిన ఫైలులో డాక్టరు చీటీలు ఆరు ఉన్నాయి. రెండేళ్ల నాటి మొదటి చీటీలో 'ఈ వయసులో నెలసరి ఎక్కువ, ఇనుము మాత్రలు వాడాలి' అని ఉంది. మిగతా అయిదింటిలోనూ అదే ముక్క.

"నిద్ర పడుతోందా?"

"కాళ్లు ఊరుకోవు మేడం. లోపల ఏదో పాకుతున్నట్టుంటుంది. లేచి తిరిగితే గానీ తగ్గదు."

"కాగితం ఎప్పట్నుంచి తింటున్నారు?"

ఆవిడ సిగ్గుపడింది. "ఏడాదిగా. కోతలో పడిన అంచులు చూస్తే నోరూరుతుంది. షాపులో ఎవరికీ తెలీదు."

"నెలసరి ఆఖరిసారి ఎప్పుడొచ్చింది?"

గుమాస్తా పెన్ను ఆగిపోయింది. పైకప్పు మీద తనకేదో పని ఉన్నట్టు అటు చూడసాగాడు.

"రాయండి," అంది భూతద్దం. "కేసే నెత్తురు గురించి. మీరు సిగ్గుపడితే ఎలా?"

"ఆగిపోయి ఏడాది దాటింది. పీడ విరగడైందనుకున్నా," అంది యజమానురాలు.

"డాక్టరుగారికి చెప్పారా?"

"ఆవిడ అడగలేదు, నేను చెప్పలేదు."

"ఇనుము మాత్రలు మానకుండా వేసుకుంటున్నారా?"

"మధ్యలో ఒక నెల మానేశాను. కడుపు బిగదీసుకుపోతోందని."

భూతద్దం ఫైలు మూసింది. "ముందు ఆస్పత్రికి పదండి. రుజువు సంగతి తర్వాత."

"రుజువు దొరికేదాకా ఆస్పత్రి గడప తొక్కను. మళ్లీ అవే మాత్రలు రాస్తారు." ఆవిడ పట్టుదల అలాంటిది. భూతద్దం గోడ గడియారం వంక ఒకసారి, ఆవిడ పెదవుల వంక ఒకసారి చూసి, చెప్పులు వేసుకుంది.

బైండింగ్ షాపులో జిగురు వాసన, కొత్త కాగితం వాసన కలిసి ముక్కుకు కొడుతున్నాయి. మధ్యలో కొత్త కోత మిషను ఉంది. దాని దగ్గర రోజంతా నిలబడాల్సింది యజమానురాలే. ఆ పని ఇంకెవరికీ అప్పజెప్పదు.

"ఇది వచ్చి ఎన్నాళ్లైంది?" అని భూతద్దం అడిగింది.

"ఏడాది పైనే," అంది పుస్తకాల ఫారాలు కుట్టే ఆవిడ. "అప్పట్నుంచీ అక్కకి ఒంట్లో బాగుండట్లేదు. తలనొప్పని మధ్యాహ్నం తల పట్టుకుని కూర్చుంటుంది. పాపం, నా మాత్ర ఒకటి ఇస్తుంటాను. రోజూ." డబ్బాలోంచి పసుపు రంగు మాత్రల అట్ట తీసి చూపించింది. యజమానురాలి బల్ల సొరుగులో ఎర్ర అట్ట దొరికింది. అది మోకాళ్లకట, పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి.

ఇంటి దగ్గర భర్త అతి మర్యాదగా ఆకుపచ్చ అట్ట తెచ్చిచ్చాడు. "పడుకునే ముందు నడుంనొప్పికి నేనే ఇస్తానండి. మర్చిపోతుందని." భూతద్దం మూడు అట్టలూ వెనక్కి తిప్పి చూసి, సంచిలో వేసుకుంది. గుమాస్తా మూడింటి రంగులూ రాసుకున్నాడు.

వంటింట్లో వదిన పప్పు ఏరుతోంది. అరవై దాటిన మనిషి. చేతులు ఆపకుండానే మాట్లాడింది.

"నన్ను అనుమానిస్తోందని తెలుసు. ఒక సంగతి చెప్పాలని ఎన్నోసార్లు అనుకున్నా. నేను నోరు తెరిస్తే లేచి వెళ్లిపోతుంది. ఇక ఏం చెప్పను?"

"నాకు చెప్పండి."

"బాత్‌రూం కడిగేది నేనే. ఆమెకి విరేచనం నల్లగా, తారులా అవుతోంది. ఇనుము మాత్రల వల్ల నల్లగా అవుతుందని తెలుసు. కానీ అవి మానేసిన నెలలో కూడా అలాగే ఉంది."

గుమాస్తా ఈసారి పైకప్పు చూడలేదు. గబగబా రాసుకున్నాడు.

ఒక గంటలో భూతద్దం అందరినీ బైండింగ్ షాపులో కూడేసింది. భర్త, వదిన, కుట్టే ఆవిడ, కబురందుకుని ఆదరాబాదరా వచ్చిన డాక్టరమ్మ. యజమానురాలు మిషను చుట్టూ తిరుగుతూనే ఉంది.

"రెండేళ్ల కిందట ఈవిడ రక్తం తగ్గడానికి నెలసరే కారణం. అప్పుడు చీటీలో రాసింది నిజం," అంది భూతద్దం. "అది ఏడాది కిందటే ఆగింది. రక్తం పెరగాలి కదా? పది నుంచి ఏడుకి దిగింది. కాళ్లు నిలవకపోవడం, తినకూడనివి తినాలనిపించడం అందుకే. పోయే దారి మూసుకున్నా నెత్తురు పోతూనే ఉందంటే, ఇంకో దారి ఉంది."

డాక్టరమ్మ తల దించుకుంది. "పాత చీటీ చూసి కొత్తది రాశాను. అడగాల్సింది అడగలేదు."

"పదమూడు నెలల కిందట ఈవిడ దగ్గరికి రెండు వచ్చాయి. వదిన ఒకరు, ఈ మిషను ఒకటి. ఈవిడకి వదినే కనిపించింది. మిషను దగ్గర నిలబడి మోకాళ్లు పోయాయి, నడుం పోయింది, తలనొప్పి మొదలైంది." మూడు అట్టలూ బల్ల మీద బోర్లా పెట్టి, కుట్టే ఆవిడను పిలిచింది. "వెనక సన్నక్షరాల్లో మందు పేరు చదవండి."

ఆవిడ ఒకటి చదివింది, రెండోది చదివింది. మూడోది చదవబోయి మళ్లీ మొదటి అట్ట చూసింది. "మూడూ ఒకటే మందండీ."

"అవును. ముందువైపు పేర్లు వేరు, రంగులు వేరు. తలకి మీరిచ్చారు, నడుంకి ఆయనిచ్చారు, మోకాళ్లకి ఈవిడే వేసుకుంది. రోజుకి నాలుగు, ఏడాది పాటు. ఎవరికి వాళ్లు ఒక్కటే కదా అనుకున్నారు. ఈ మందు ఎక్కువైతే కడుపులో పుండు పడుతుంది, పుండులోంచి నెత్తురు కారుతుంది. ఆ నెత్తురే నల్లగా బయటికొస్తోంది. అది గమనించింది ఇంట్లో ఒక్కరే."

భర్త మిషనుకు ఆనుకుని అలాగే నిలబడిపోయాడు. కుట్టే ఆవిడ కళ్లు తుడుచుకుంది.

"పుండే అని ఇప్పుడే అనలేం," అంది డాక్టరమ్మ. "ఈ వయసులో పేగుల్లో కూడా వెతకాలి. పైనుంచీ కిందనుంచీ కెమెరాతో చూడాలి. రక్తం ఎక్కించాలి. ఇప్పుడే బయల్దేరదాం."

యజమానురాలు మొదటిసారి తిరగడం ఆపింది. వదిన ముఖం మీంచి చూపు తిప్పుకుని బయటికి నడిచింది.

మూడో రోజున భూతద్దం, గుమాస్తా ఆస్పత్రికి వెళ్లారు. కడుపులో పుండు దొరికింది. నెత్తురు ఆపేశారు. పేగులు శుభ్రంగా ఉన్నాయి. ఇంకో వారం ఆలస్యమైతే కష్టమయ్యేదని ఆస్పత్రి డాక్టరు ఒకాయన భర్తతో చెప్పాడట. వదిన మంచం పక్కన కూర్చుని గిన్నెలో గంజి చల్లారుస్తోంది.

"వదినా," అంది యజమానురాలు. "ఆర్నెల్లుగా ప్రతి పూటా మిమ్మల్ని ముందు తినమనేదాన్ని. మీరు తిన్నాకే నేను ముద్ద ముట్టేదాన్ని. ఎందుకో మీకు తెలుసు కదా?"

"తెలుసు."

"మరి ఒక్కనాడైనా నన్ను నిలదీయలేదేం?"

వదిన గంజి కలుపుతూనే అంది. "నిలదీస్తే నువ్వు తినడం మానేసేదానివి. నేను తింటేనే కదా నువ్వు తినేది."

యజమానురాలు వదిన చెయ్యి పట్టుకుని ఏడ్చింది. వదిన చెంచాడు గంజి ఆమె నోటి దగ్గర పెట్టింది. ఈసారి యజమానురాలే ముందు తాగింది.