నాలుగంగుళాల బ్రేకరు

ఈ సంగతి నాకు మొదట చెప్పింది కొర్లమ్మ. రాజయ్యపేట నుంచి చేపలు తెచ్చి అమ్ముకునే మనిషి. ఇప్పుడు అనకాపల్లిలో ఎవరికి తోచినట్టు వాళ్ళు చెప్తున్నారు, దగ్గరుండి చూసినట్టు. ముందు పసిగట్టింది ఆవిడ. కళ్ళతో చూసింది నేను. మిగతావాళ్ళంతా టీ కొట్టు దగ్గర విన్నవాళ్ళే.

నా పేరు మౌలా సాహెబ్. తాపీ మేస్త్రిని. యాభై రెండేళ్ళు ఈ ఊళ్ళో గోడలు లేపేను. నా గోడ ఒక్కటి వంకర ఉందని చూపించండి, తాపీ తీసుకెళ్ళి నూతిలో పడేస్తాను. మునగపాక రోడ్డు మీద మా వీధి మొగలో ఉన్న స్పీడు బ్రేకరు కట్టింది నేనే. ఎందుకు కట్టేనో ముందు వినండి.

మదీనాబీ నా చెల్లెలు. మొగుడు పోయేక నా ఇంట్లోనే ఉండేది. మా కుళాయి రోడ్డుకి అవతల పక్క. కిందటేడు ఒక సాయంత్రం బిందె చంకనెత్తుకుని రోడ్డు దాటుతోంది. త్రినాధరావు కొడుకు కిరణ్ బండి మీద వచ్చేడు. సైలెన్సరు పీకేసిన బండి. హెల్మెట్టు ఉంది, మోచేతికి తగిలించుకుని. ఆ బండి మా చెల్లెల్ని ఇరవై ఒక్క అడుగులు ఈడ్చుకెళ్ళింది. ఊరికే చెప్పట్లేదు, టేపు పెట్టి కొలిచేను. రోడ్డుకి అడ్డంగా, ఒక పక్కకి ఒత్తిగిలి పడుంది. అరుగు మీద మధ్యాన్నం కునుకు తీసినప్పుడు అలాగే పడుకునేది.

త్రినాధరావుకి కలప డిపో ఉంది. పెద్దమనిషి. శవం లేవకముందే వచ్చి నా భుజం మీద చెయ్యేసేడు.

"ముసల్ది సూసుకోకుండా అడ్డమొచ్చేసింది బావా. కుర్రోడేటి సేత్తాడు?"

బావా అన్నాడు నన్ను! ఆ నోటితోనే స్టేషన్లో కూడా చెప్పేడు. కాగితంలో అలాగే ఎక్కింది. ఆ రోజు నుంచి అతని గుమ్మం తొక్కలేదు, అతని డిపో కర్ర ముట్టలేదు. చచ్చేదాకా ముట్టను. కొడుకు నెల తిరక్కుండా అదే బండి మీద, అదే రోడ్డు మీద, అదే జోరుతో మా ఇంటి ముందు నుంచే తిరిగేడు. ఒకనాడు మా అరుగు దగ్గర ఆపి "తాతా, రోడ్డు దాటేటప్పుడు అటూ ఇటూ సూసుకోండేం" అని నవ్వేడు కూడా.

బ్రేకరు వెయ్యమని రోడ్ల ఆఫీసుకి మూడు అర్జీలు పెట్టేం. చూస్తాం అన్నారు. చూసేరు, అంతే. ఆఖరికి వీధి వీధంతా కలిసి మేమే వేసుకున్నాం. సైకిలు షాపు దేవీప్రసాద్ నా పక్కన నించుని ఒకటే గోల.

"అడుగెత్తు కట్టీ మామా. జోరుగా వచ్చినోడు మళ్ళీ లేవకూడదు."

"బ్రేకరు బండిని ఆపడానికిరా, మనిషిని పడెయ్యడానికి కాదు. అవతలికి పో, నీడ పడుతోంది" అన్నాను.

నడినెత్తిన నాలుగంగుళాలు. ఈ అంచు నుంచి ఆ అంచుకి పన్నెండడుగులు. సొంతంగా వేసుకున్న దానికి రంగు వెయ్యం అన్నారు ఆఫీసువాళ్ళు. నేనే సున్నంతో అయిదు చారలు వేసేను. వాన కడిగేస్తే మళ్ళీ వేసేను. చీకట్లో కనపడని బ్రేకరుకీ గొయ్యికీ తేడా లేదు. ఇది నాకు ఎవరూ నేర్పక్కర్లేదు.

కొర్లమ్మ తెల్లారగట్ల అనకాపల్లిలో దిగి, నానాజీ ఆటోలో మునగపాక వెళ్ళి చేపలమ్ముతుంది. తిరుగు దారిలో మా అరుగు మీద గంప దించి మంచినీళ్ళు తాగుతుంది. బ్రేకరు వేసిన మూడో నెల్లో అనుకుంటాను, నీళ్ళు తాగి చెంబు కింద పెట్టకుండా అంది.

"సాయిబు మావా, నువ్వు కట్టిన ఆ గట్టుకి పేనమున్నట్టుంది."

"బ్రేకరు దాని పేరు. పేనమేటి, నీ తలకాయ్."

"నీ పనికి వంకెట్టట్లేదు, ఇను. నానాజీ నిమ్మళంగా తోల్తే అది పడుకునుంటాది. ఏలయిపోనాదని జోరు సేసేడనుకో... లేత్తాది."

"లేవడమేటి?"

"నిద్దట్లో మడిసి కదిల్నట్టు. రెండు తూర్లు నా గంపలో సేపలు రోడ్డు మీదకెగిరిపోనాయి."

"నానాజీకి తోలడం రాదు."

"రాదు సరే. మరి జర్దా వాసనేటి మావా? రోడ్డుకి జర్దా వాసనేటి?"

ఆ మాట అని నా మొహం వంక చూడలేదు. గంప నెత్తినెట్టుకుని వెళ్ళిపోయింది. మదీనా కిళ్ళీలో జర్దా వేసుకునేది. దాని కొంగుకి, దాని దుప్పటికి, దాని చేతులకి ఎప్పుడూ ఆ వాసనే.

నాకు ఒళ్ళు మండింది. భయం కాదు. నా పని మట్టం తప్పిందన్న మాట ఇన్నేళ్ళలో ఎవరూ అనలేదు. ఆ రోజు రాత్రి ఇషా నమాజు అయ్యేక ఎనిమిదడుగుల బద్ద, రసమట్టం, టేపు, టార్చీ పట్టుకుని రోడ్డు మీదకి వెళ్ళేను.

మాఘమాసం చలి. వీధి దీపం పోయి వారమైంది. రోడ్డుకి రెండు పక్కలా చెరకు తోటలు, వాటి మీద మంచు దిగుతోంది. ఎక్కడో బెల్లం పొయ్యి మీద పాకం మరుగుతున్న వాసన. అవతల కుళాయి బొట్టు బొట్టుగా కారుతోంది. ఒక కుక్క మొరిగి, ఎందుకో మధ్యలో ఆపేసింది.

ఎత్తు కొలవడానికి ఇద్దరుండాలి. బద్ద ఒక చివర బ్రేకరు నడినెత్తిన పెట్టి ఒకరు అదిమి పట్టాలి. రెండో చివర నేను రోడ్డు మీద ఎత్తి పట్టుకుని, రసమట్టంలో బుడగ మధ్యకి వచ్చేక, అక్కణ్ణించి రోడ్డుకి టేపు దించాలి. నేను పని నేర్చుకున్న కొత్తలో అటు చివర మదీనాయే పట్టుకునేది. ఇప్పుడు ఒక రాయి పెట్టేను.

కొలిచేను. నాలుగు.

ఒక సైకిలు వెళ్ళింది. తరవాత ఒక చెరకు ట్రాక్టరు, మూలుగుతూ నెమ్మదిగా. మళ్ళీ కొలిచేను. నాలుగే. కొర్లమ్మని తెల్లారేక నాలుగు మాటలు అనాలి అనుకుంటూ లేవబోయేను.

రాయి దొర్లి కింద పడింది.

బద్ద కదల్లేదు. రాయి లేకుండా అటు చివర అలాగే ఉంది. నేను కొంచెం లాగేను. రాలేదు. ఎవరో అదిమి పట్టుకున్నట్టు... ఇంకా గట్టిగా.

జర్దా వాసన వచ్చింది.

అప్పుడు వినపడింది, మునగపాక వైపు నుంచి, దూరంగా. సైలెన్సరు లేని బండి. ఆ చప్పుడు నాకు ఎంత తెలుసో నా ఊపిరి కూడా అంత తెలీదు. ఏడాదిగా రోజూ నా నిద్ర చీల్చిన చప్పుడు.

రసమట్టంలో బుడగ బ్రేకరు వైపు జరిగింది. నా చివర దిగిందేమో అని సరిచేసేను. మళ్ళీ జరిగింది. బద్ద ఎత్తేను. టేపు దించేను.

అయిదు.

బండి దగ్గరవుతోంది... ఆరు.

సిమెంటు ఉబ్బితే పగలాలి. పగల్లేదు. టార్చీ వేసి చూసేను. సున్నం చారలు సాగుతున్నాయి, ఊపిరి పీల్చిన కడుపు మీద చర్మంలాగ.

"ఎంతొచ్చింది భాయ్?"

చాలా మెల్లగా. బద్ద అటు చివర నుంచి. చిన్నప్పుడు మదీనా అదే అడిగేది.

"ఏడు" అన్నాను. కొలత అడిగితే చెప్పడం నా నోటికి అలవాటు.

"వాడేనా?"

మలుపు దగ్గర హెడ్‌లైటు వెలుగు చెరకు ఆకుల మీద పడింది. నేను ఏమీ అనకుండా ఉండొచ్చు. నోరు మూసుకుని ఉండొచ్చు.

"వాడే" అన్నాను.

బద్ద నా చేతిలోంచి పైకి లేచింది. టేపు కూడా దానితో... తొమ్మిది... పది...

టార్చీ నా చేతిలోనే ఉంది. బండికి ఎదురెళ్ళి ఊపాలి. తెలుసు. ఒక ఊపిరి ఆగేను. ఎందుకు ఆగేనో కూడా తెలుసు. ఈ మాట స్టేషన్లో ఎవరూ అడగలేదు, ఇక్కడ నేనే చెప్తున్నాను.

ఆ తరవాత పరిగెట్టేను. ఈ వయసులో, చెప్పుల్లేకుండా. టార్చీ ఊపేను. "ఒరే ఆగరా! కిరణ్! ఆగరా నాయనా!" అని అరిచేను. "మదీనా, పడుకోవే... పడుకో..." అని వెనక్కి తిరిగి బతిమాలేను. రెండూ ఒకే గొంతుతో.

వాడు నన్ను చూసేడు. చూసి, హారను కొట్టి, ఇంకా జోరు చేసేడు. రోడ్డు మీద ముసలాడు కనిపిస్తే జోరు తగ్గించాలని వాడికి ఎవరూ నేర్పలేదు. తప్పుకోవలసింది ముసలాడే అని తండ్రే నేర్పేడు. హెల్మెట్టు ఆ రోజూ మోచేతికే ఉంది.

తరవాతది అడక్కండి. ఎవరికీ చెప్పలేదు, చెప్పను. వాడు పడ్డ చప్పుడు మాత్రం చిన్నది. అంత పెద్ద బండికి అంత చిన్న చప్పుడేమిటా అనుకున్నాను.

పడ్డాక వాడి దగ్గర కూచున్నాను. తల కింద నా తువ్వాలు పెట్టేను. "ఎవరో లేచి కూసున్నారు తాతా" అన్నాడు. అదే ఆఖరు. నా వెనక బ్రేకరు దిగిపోతోంది, పని ముగించిన మనిషి నడుం వాల్చినట్టు, మెల్లమెల్లగా.

తెల్లారింది. త్రినాధరావు వచ్చేడు. ఈసారి బావా లేదు.

"పగబట్టి నా కొడుకుని సంపేసేవు కదరా సాయిబూ! రేత్రి పూట ఏటెట్టేవురా రోడ్డు మీద?"

నేను పక్కకి తప్పుకున్నాను. అతని మీద నా కోపం పోయిందని కాదు. కొడుకు పోయిన మనిషితో ఆ పూట తగువాడను, అంతే.

ఆఫీసువాళ్ళు కొలిచేరు. నాలుగంగుళాలే. నాలుగంగుళాలకి బండి అంత ఎత్తు ఎలా ఎగిరిందో వాళ్ళకి అంతుపట్టలేదు. మర్నాడు మిషను తెచ్చి బ్రేకరు పగలగొట్టించేరు. పగలగొట్టేముందు నేను చుట్టూ తిరిగి చూసేను. ఒక్క బీట లేదు.

లోపల ఖాళీ.

రోడ్డుకి అడ్డంగా, కింద రోడ్డులోకి కూడా దిగిన పొడుగాటి ఖాళీ. అందరూ చూసేరు. నేను దిగి టేపు పెట్టేను. అయిదడుగులకి ఒక అంగుళం తక్కువ. ఒక చివర గుండ్రంగా, మధ్యలో మోకాలు ముడిచినట్టు ఒక వంపు. చెయ్యి పెట్టి తడిమేను. గోడలు అద్దంలా నునుపు. తాపీతో తీర్చిన నునుపు. నాలుగు వైపులా మూసేసిన దాన్ని, పైన మూసేసిన దాన్ని, లోపలివైపు నుంచి తీర్చాలంటే మేస్త్రి లోపలే ఉండాలి. ఒక మూల సిమెంటు ఇంకా పచ్చిగా ఉంది. నా వేలి ముద్ర పడింది.

వాళ్ళు కాగితంలో ఏం రాసుకున్నారో తెలుసా? మేస్త్రి కంకర మిగుల్చుకుని లోపల గుల్ల వదిలేడు, అది కుంగి బండి పడింది, అని రాసుకున్నారు. నాకు చదివి వినిపించి, కింద సంతకం పెట్టమన్నారు. పెట్టలేదు. రెండు ట్రాక్టర్ల కంకర దట్టించేను అందులో. దేవీప్రసాద్ మోసేడు, వీధంతా మోసింది, అడగండి. నన్ను హంతకుడన్నా పడతాను, అందులో ఒక ఊపిరంత నిజముంది. దొంగ మేస్త్రి అంటే మాత్రం పడను.

ఆ ఆఫీసులో చదువుకున్నవాళ్ళు, ఆ కాగితం చేతికొచ్చినవాళ్ళు ఎవరైనా సరే, దాన్ని దిద్దండి. ఇలా రాయండి: మౌలా సాహెబ్ దాన్ని నిండుగా కట్టేడు. టార్చీ ఒక ఊపిరి ఆలస్యంగా ఊపేడు. ఆ ఖాళీ అతను వదిలింది కాదు. అందులో ఉన్నది మిషను రాకముందే వెళ్ళిపోయింది. ఏ రోడ్డు మీదకి వెళ్ళిందో ఇంకా ఎవరూ కొలవలేదు.